వాడు చూసింది 'ఉరి', మీరు చూసింది 'అమరన్'

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. 'ఉరి' సినిమా ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. ఎన్‌డీఏ (ఇంటర్‌తో సైనిక ఆఫీసర్ శిక్షణకు తీసుకునే నేషనల్ డిఫెన్స్ అకాడమీ) తప్ప ఇంకేదీ వద్దంటున్నాడు. నాకేమో 'అమరన్' చూసినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. మాకు వాడొక్కడే. ఇప్పుడే ఎన్‌డీఏ రాయించాలా, బీటెక్ అయ్యాక సీడీఎస్ (డిగ్రీ తర్వాత రాసే ఆఫీసర్ల ఎంపిక పరీక్ష) రాయమనాలా? ఎన్‌డీఏ ఇంటిగ్రేటెడ్ బ్యాచ్‌లో (ఇంటర్‌తోపాటే కోచింగ్) చేర్చమని ఓ కాలేజీవాళ్లు వెంటపడుతున్నారు.
– ఓ తల్లి, సూర్యాపేట

జవాబు: అమ్మా, ఏ పరీక్ష మేలని అడిగారు గానీ, మీ గుండెల్లో ఉన్నది 'వాడు తిరిగొస్తాడా' అన్న ప్రశ్న. దానికి హామీ ఎవరూ ఇవ్వలేరు.

2019లో వచ్చిన 'ఉరి'లో యుద్ధమంటే పక్కా పథకం, మెరుపుదాడి, మనవాళ్లంతా క్షేమంగా వెనక్కి రావడం. 2024 నాటి 'అమరన్' కథను నడిపేది అమరుడైన ఆఫీసర్ భార్య. ఫోన్ మోగితే ఉలిక్కిపడే ఇల్లు అందులో ఉంది. రెండూ నిజ ఘటనల మీద తీసినవే. మీవాడు మొదటిదాన్ని పట్టుకున్నాడు, మీరు రెండోదాన్ని. ఆఫీసర్ మామూలు రోజు మాత్రం ఇద్దరికీ కనపడలేదు. కొత్త లెఫ్టినెంట్ చేతికి సుమారు ముప్పైమంది జవాన్లను అప్పగిస్తారు. ఎవరికి సెలవు కావాలి, ఎవరింట్లో పొలం తగాదా ఉంది, ఏ బండి రిపేరుకొచ్చింది, స్టోర్ లెక్క ఎక్కడ తేడా వచ్చింది... చాలా రోజులు ఇలాగే గడుస్తాయి. రెండు మూడేళ్లకోసారి బదిలీ. ఇదంతా వాడికి చెప్పి, ఉత్సాహం ఎంత మిగిలిందో చూడండి.

ఒక మాట కటువుగానే అంటాను. 'మేజర్' చూసి కళ్లు తుడుచుకుంటాం. మీ ఊళ్లోనే కల్నల్ సంతోష్‌బాబు విగ్రహానికి దండలు వేస్తాం. మన గడప దగ్గరికొచ్చేసరికి 'వాడొక్కడే' అంటాం. 'మేజర్' ఎవరి కథో ఆ సందీప్ ఉన్నికృష్ణన్ కూడా ఆ ఇంటికి ఒక్కడే. మీ భయం తప్పు కాదమ్మా, దానికి సీడీఎస్ అని పేరు పెట్టడం తప్పు. నాలుగేళ్లలో వాడే మర్చిపోతాడని మీ ఆశ. వద్దనుకుంటే వద్దని ముఖం మీదే చెప్పండి, వాడి జవాబు కూడా వినండి.

ఇంటిగ్రేటెడ్ బ్యాచ్‌ల మీద నాకు నమ్మకం తక్కువ. రాతపరీక్షకు 900 మార్కులు, ఎస్‌ఎస్‌బీకి, అంటే ఆ తర్వాత జరిగే ఇంటర్వ్యూ, వ్యక్తిత్వ పరీక్షలకు మరో 900. రాతపరీక్ష సంగతి సరే, మన ఎంపీసీ పిల్లలు లెక్కలకు భయపడరు. జారేది రెండో సగంలోనే, అదీ సినిమా పిచ్చి ఉన్నవాళ్లు ఇంకా తొందరగా. ఒక బొమ్మను 30 సెకన్లు చూపించి, నాలుగు నిమిషాల్లో కథ రాయమంటారు. ఇలా పదకొండు బొమ్మలు, పన్నెండోది ఖాళీ తెర. కిటికీ దగ్గర నిలబడ్డ మనిషిని చూపిస్తే మనవాడు కమాండోని చేసి సరిహద్దు దాటిస్తాడు. ఖాళీ తెర మీదా బాంబే పేలుతుంది. సైకాలజిస్టుకు అందులో దర్శకుడు కనిపిస్తాడు గానీ పిల్లవాడు కనిపించడు. తర్వాత 60 మాటలు, ఒక్కోదాన్ని చూసి వాక్యం రాయడానికి 15 సెకన్లు. కోచింగ్‌లో బట్టీ పట్టిన వాక్యాలైతే పక్కవాడి కాగితంలోనూ అవే ఉంటాయి. ఆ కథల్లో వాడి సొంత బతుకు కనపడాలి: వాలీబాల్ జట్టును కూడగట్టడం, గొడవపడ్డ ఇద్దరు స్నేహితులను కలపడం లాంటివి. పొద్దున్నుంచి రాత్రిదాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టే చోట ఇవెలా జరుగుతాయి? గ్రౌండే లేని కాలేజీ ఆఫీసర్లను తయారుచేస్తానంటే ఎలా నమ్మడం?

ఇక మీరడిగిన పోలిక. ఎన్‌డీఏ అంటే పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలో మూడేళ్లు, ఆర్మీ అయితే ఆపైన డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీలో ఏడాది. సీడీఎస్‌తో నేరుగా డెహ్రాడూన్ వెళ్తే ఏడాదిన్నర. రెండు దారుల్లోనూ బయటికొచ్చేది లెఫ్టినెంట్‌గానే. కాబట్టి మామూలు ఎంపీసీలోనే ఉంచి, సెకండియర్‌లో ఎన్‌డీఏ, ఎప్‌సెట్ రెండూ రాయించండి. ఎన్‌డీఏ ఏటా రెండుసార్లు జరుగుతుంది, తప్పినా సీడీఎస్ ఎటూ పోదు. రోజూ అరగంట ఇంగ్లిష్‌లో మాట్లాడించండి, గ్రూప్ డిస్కషన్‌లో నోరు పెగలక వెనక్కొచ్చేవాళ్లు మనవైపు ఎక్కువ.

ఇదంతా కూడా మెడికల్ దాటితేనే. చూపు, రంగుల గుర్తింపు, చదును పాదాలు, నిలబడితే మోకాళ్లు రాసుకోవడం... వీటిలో ఏదున్నా ఇప్పుడే తెలియాలి. ఎవరికైనా ఫీజు కట్టేముందు వాణ్ని కంటి డాక్టరుకీ ఎముకల డాక్టరుకీ చూపించండి.