టిఫిన్ సెంటరు బోర్డుకు చేతిరాత ఫాంటు బాగుంటుందా?

కడపలో టిఫిన్ సెంటరు తెరుస్తున్నాను, బోర్డూ ధరల పట్టికా మొత్తం చేతిరాతలా కనిపించే ఫాంటులో వేయించవచ్చా అని అడిగారు. ఇదే ఊళ్లో పన్నెండేళ్లుగా డీటీపీ (కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చి అచ్చుకు సిద్ధం చేసే) పని చేస్తున్నాను. పేరుకు తప్పకుండా వేయించండి. ధరలకు మాత్రం వద్దు.

ఎందుకంటే, నాలుగేళ్ల క్రితం ఒక శుభలేఖ మొత్తం అలాంటి ఫాంటులోనే కూర్చాను. ఇంట్లో పెద్దవాళ్లు కూర్చుని రాసినట్టు ఉండాలని పెళ్లికూతురి కోరిక. తెర మీద ఎంతో ముద్దుగా కనిపించింది. కార్డు సైజుకు తగ్గించేసరికి 'ప' మీది తలకట్టు అక్షరానికి అంటుకుపోయి, 'పగలు 11 గంటలకు' కాస్తా 'వగలు' అయింది. ముహూర్తం చదివిన తాతగారి ముఖం నాకింకా గుర్తుంది. మూడు వందల కార్డులూ నా ఖర్చుతో మళ్లీ వేయించాను. తెలిసిన మనిషి రాతలో ఆ సన్నని సందు పూడిపోయినా మనం పోల్చుకుని చదివేస్తాం. అచ్చులో ఆ వెసులుబాటు ఉండదు.

అందుకే ఇప్పుడు ఏ ఫాంటు తీసుకున్నా ముందు 'పగలు', 'అమ్మమ్మ' అని కొట్టి చూస్తాను. చేత్తో రాస్తే ఏ రెండు 'మ'లూ ఒక్కలా ఉండవు. ఫాంటులో రెండూ అచ్చుగుద్దినట్టు ఉంటాయి కాబట్టి, మాటలు పెరిగేకొద్దీ చేతిరాత అనే భావన పోతుంది. రెండు మూడు మాటల పేరుకైతే ఆ ఇబ్బంది లేదు. ఒకవేళ రెండు వరుసలు వేస్తే మధ్య చోటు ఎక్కువ వదలండి, లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

చాలామంది కామిక్ శాన్స్ కావాలని వస్తారు. 1994లో మైక్రోసాఫ్ట్‌లో విన్సెంట్ కొనేర్ బొమ్మల కథల్లోని మాటల బుడగలు చూసి రూపొందించిన ఫాంటు అది. అందులో తెలుగు అక్షరాలు లేవు. దాన్ని ఎంచుకుని తెలుగు కొడితే కంప్యూటర్ మరో ఫాంటు చూపిస్తుంది. తెలుగులో చేతిరాత తరహా కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో లక్కిరెడ్డి అనే ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. పెద్ద సైజులోనే వాడండి.

ధరల పట్టికలో 'కారం దోసె', 'ఉగ్గాని బజ్జి' నిటారైన మామూలు అక్షరాల్లో ఉండాలి. ఆకలితో వచ్చినవారు గుమ్మంలో నిలబడే చదువుకోగలగాలి.

మీ ఇంట్లో ఎవరిదైనా రాత గుండ్రంగా ఉంటే, తెల్లకాగితం మీద లావు స్కెచ్ పెన్నుతో పేరు రాయించి తీసుకురండి. దాన్ని స్కాన్ చేసి బోర్డుకు సరిపడా పెంచవచ్చు. నాకైతే ఏ ఫాంటు కన్నా అదే ఇష్టం.