పడవ వెనుక ఎంత బరువు వేలాడదీయవచ్చు?

ప్రశ్న: మాది 18 అడుగుల ఫైబరు పడవ. వశిష్ఠ గోదావరిలో అంతర్వేది మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాకా ఇద్దరం వేటకు వెళ్తాం. నీరు సముద్రంలోకి లాగేటప్పుడు మా పాత 8 హెచ్‌పి టూ స్ట్రోక్ మోటారు ఎదురు రాలేకపోతోంది. 15 హెచ్‌పి ఫోర్ స్ట్రోక్ కొనమని మా బావ అంటున్నాడు. అది 50 కిలోలు దాటుతుందట. మా పడవ మోయగలదా?
– ఒక పాఠకుడు, సఖినేటిపల్లి మండలం

జవాబు: కొనకముందే బరువు గురించి అడిగారు, చాలా సంతోషం. ఎక్కువమంది హెచ్‌పి, ధర మాత్రమే చూసి మోటారు తెచ్చుకుంటారు. అమరం (పడవ వెనుక భాగం) మీదుగా నీళ్లు ఎక్కుతున్నాయని ఆ తర్వాత నా దగ్గరకు వస్తారు.

మీ పాత మోటారు సుమారు 27 కిలోలు ఉంటుంది. మీ బావ చెప్పినది తెస్తే దాదాపు 25 కిలోలు పెరుగుతుంది. అదే బరువు పడవ మధ్యలో పెడితే తేడా కూడా తెలియదు. కానీ మోటారు వేలాడేది పలకకు, అంటే దాన్ని బిగించే వెనుక గోడకు బయట, పడవకు చిట్టచివర. అక్కడ పెరిగిన ప్రతి కిలో అమరాన్ని కిందికి నొక్కి, అణియాన్ని (ముందు భాగాన్ని) పైకి లేపుతుంది. నడిపే మనిషి కూర్చునేది అక్కడే, డబ్బా ఉండేదీ అక్కడే. 24 లీటర్ల డబ్బా నిండితే పెట్రోలే 18 కిలోలు తూగుతుంది.

అందుకే ఒక పూట పని మానుకుని ఈ పరీక్ష చేయండి. పాత మోటారు విప్పి, అదే చోట రెండు సంచుల్లో 52 కిలోల ఇసుక కట్టండి. వల, ఐసు పెట్టె, నిండు డబ్బా రోజూ ఉండే చోటే ఉంచి ఇద్దరూ ఎక్కండి. మూడో మనిషి చేత పలక పై అంచు నుంచి నీటి దాకా కొలిపించండి. తర్వాత ఇద్దరూ పలక దగ్గరకు వచ్చి నిలబడి మళ్లీ కొలిపించండి. ప్రొపెల్లరుకు వల చుట్టుకున్న రోజు ఇద్దరూ చేరేది అక్కడికే. ఆ రెండో కొలత జానెడు కన్నా తగ్గితే ఆ మోటారు మీకు వద్దు. ఇది నా లెక్క, దీన్ని నేను ఎవరి కోసమూ సడలించను.

మొగలోకి తిరిగి వచ్చేటప్పుడు కెరటం వెనుక నుంచి తరుముతుంది. వేగం ఒక్కసారిగా తగ్గిస్తే మన పడవ లేపిన అలే వచ్చి పలక మీదుగా లోపల పడుతుంది. ఓడలరేవు దగ్గర, నేను స్వయంగా బరువైన మోటారు బిగించిన పడవ ఇలాగే నిండిపోయింది. ఇద్దరు అన్నదమ్ములు అంచు పట్టుకుని చాలాసేపు నీళ్లలో ఉన్నారు. వాళ్లు ఒడ్డుకు చేరేదాకా నేను పడిన బాధ మరిచిపోలేను. ఆ తర్వాత ఇసుక సంచులు కట్టి చూడకుండా ఒక్క మోటారూ బిగించలేదు.

పలకను కూడా చూడండి. చాలా ఫైబరు పడవల్లో దాని లోపల ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాల నుంచి నీరు దిగితే అది కుళ్లుతుంది, పైకి ఏమీ కనిపించదు. చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి చోట ఖంగుమంటుంది, కుళ్లిన చోట మెత్తగా పలుకుతుంది. మెత్తగా పలికితే ముందు పలక మార్పించండి. పలక ఎత్తు కూడా కొలవండి. 15 అంగుళాలైతే షార్ట్ షాఫ్ట్ (పొట్టి కాడ) మోటారు, 20 అయితే లాంగ్ షాఫ్ట్ (పొడుగు కాడ) మోటారు కావాలి.

నా మాట అడిగితే, ముందు పాత మోటారు ప్రొపెల్లరు విప్పి చూపించండి. రెక్కల అంచులు ఇసుకకు అరిగిపోయినా మీరు చెప్పినట్టే లాగలేకపోతుంది. అది బాగానే ఉంటే 40 కిలోల చుట్టూ తూగే 15 హెచ్‌పి టూ స్ట్రోక్ గురించి ఆలోచించండి. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, నిజమే. కానీ మీ పడవకు 12 కిలోలు తగ్గడం చాలా పెద్ద మాట.

రెండు కొలతలు, పలక ఎత్తు, సుత్తి తట్టినప్పుడు ఎక్కడ ఎలా పలికిందో రాసి పంపండి. బయానా ఇచ్చే ముందే పంపండి.