మతిమరుపా, పరాకా?

సందేహం: వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ తలుపు తీస్తాను, ఎందుకు తీశానో తెలియక అలాగే నిలబడిపోతాను. బాగా తెలిసినవాళ్ల పేరు కూడా సమయానికి నోటికి రాదు. ఇంట్లోవాళ్లు 'నీకు మతిమరుపు వచ్చేసింది' అంటుంటే టెన్షన్‌గా ఉంటోంది. దీనికి తెలుగులో ఇంకో మాట లేదా? మా అత్తగారు 'యాది మర్చిన' అంటారు. మా బాబు అదే రాస్తే, 'యాది' తెలుగు కాదని బడిలో కొట్టేశారు. నిజమేనా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీరు చెప్పినదానికి మతిమరుపు అన్న మాట తగదమ్మా. మతిమరుపు మనిషిని అంటిపెట్టుకుని ఉండే లక్షణం. 'ఆయనకు మతిమరుపు' అంటాం గానీ 'నిన్న సాయంత్రం ఆయనకు కాసేపు మతిమరుపు' అనం. మనసు ఒక్క క్షణం పక్కకు పోతే దాన్ని పరాకు అంటారు. కాఫీలో చక్కెరకు బదులు ఉప్పు వేసినవాళ్లు 'పరాకున వేశాను' అంటారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అనే సామెత ఉంది కదా, అందులో తల్లి బిడ్డను మరిచిపోలేదు. బిడ్డ కోసమే ఊరంతా తిరుగుతోంది. ఆమెది పరాకు, ఫ్రిజ్ ముందు మీదీ అదే. రాజసభల్లో 'బహుపరాకు' అన్న హెచ్చరికలో మాత్రం ఇదే మాటకు జాగ్రత్త అని అర్థం. ఇక ఏమరుపాటు వేరు. జాగ్రత్తగా ఉండాల్సిన చోట ఉండకపోవడం అది. బండి నడిపేవాళ్ల విషయంలో వాడతాం, ఫ్రిజ్ దగ్గర అంత బరువైన మాట అక్కర్లేదు.

పేరు నోటికి రాకపోవడం మరో సంగతి. 'గుర్తు లేదు', 'గుర్తు రావడం లేదు' అనే రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో విషయం మనసులోంచే పోయింది. రెండోదాంట్లో లోపల ఉంది, పైకి రావడం లేదు. ఎవరైనా అందిస్తే 'ఆఁ, అదే!' అని వెంటనే పట్టుకుంటాం. 'నోట్లోనే ఆడుతోంది, చప్పున తట్టడం లేదు' అని మనవాళ్లు అనేది దీన్నే. మీ అత్తగారి మాటలోనూ ఈ తేడా ఉంటుంది, గమనించండి: 'యాదిల లేదు' వేరు, 'యాదికొస్తలేదు' వేరు. ఇంత సన్నని తేడా చూపించే మాటలుండగా అన్నిటినీ మతిమరుపు కింద జమకట్టడం నాకు బాధగా ఉంటుంది. మనిషిని ఊరికే భయపెట్టడం కూడా అవుతుంది.

'యాది' తెలుగు కాదనడం తప్పు. పారసీ 'యాద్' ఉర్దూ మీదుగా మనకు వచ్చి, చివర ఇకారం చేరి 'యాది' అయింది. పారసీ 'బునియాద్' ఇలాగే 'పునాది' అయింది. పునాదిని ఎవరూ కొట్టేయడం లేదే! పోనీ 'జ్ఞాపకం' అని రాయమన్నా అదీ సంస్కృతం నుంచి వచ్చిందే. అక్కడ దాని అర్థం 'తెలియజేసేది' అని. స్మృతి అనే అర్థంలో దాన్ని వాడుకుంటున్నది మనం. తెలంగాణ రచయిత సామల సదాశివ తన జ్ఞాపకాల పుస్తకానికి 'యాది' అనే పేరు పెట్టారు. తెలంగాణ ఇళ్లలో రోజూ పలికే మాటను పిల్లవాడి నోట్‌బుక్‌లో ఎర్ర సిరాతో కొట్టేస్తే, వాళ్ల నానమ్మ భాష తప్పని వాడికి నేర్పినట్టే.

'మర్చిన' సంగతి కొంచెం వేరు. 'నేను మర్చిన' అనేది తెలంగాణ వాడుకలోని క్రియారూపం, పాఠ్యపుస్తకాల్లో 'మరచిపోయాను' అని ఉంటుంది. సంభాషణలో ఆ రూపం నిక్షేపంగా రాయొచ్చు. వ్యాసంలోనైతే టీచరు క్రియను మార్చమనడం న్యాయమే, 'యాది'ని మాత్రం ఉండనివ్వాలి.