చదువు ఒక్కటే పనిగా పెరిగిన కొడుకు

ప్రశ్న: మాది హనుమకొండ. మా అబ్బాయికి 22 ఏళ్లు. ఇంటర్ రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీలో చదివాడు, ఇంజినీరింగ్ పూర్తిచేసి ఎనిమిది నెలల క్రితం హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాడు. చదువులో ఎన్నడూ వెనకబడలేదు. కానీ పొద్దున నేను ఫోన్ చేసి లేపితే తప్ప లేవడు. శుక్రవారం రాత్రి వారం రోజుల బట్టలు సంచిలో కుక్కుకుని వస్తాడు. ఆదివారం సాయంత్రం ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు, కూరల డబ్బాలు, పచ్చడి సీసాలు తీసుకుని వెళతాడు. ఏటీఎం కార్డు వాళ్ల నాన్న దగ్గరే ఉంటుంది. మొన్న షిఫ్టు మార్చమని టీమ్ లీడర్‌ను అడగడానికి కూడా నాన్నతోనే ఫోన్ చేయించాడు. మా ఆయన ఆ ఫోన్ చేశారు, చేసిన తరువాత "నీ వయసులో నేను" అంటూ రాత్రంతా తిట్టారు. ఆయనది పరకాల దగ్గరి పల్లె, పదో తరగతికే వాళ్ల బాపుతో మిర్చి బస్తాల వెంట ఎనుమాముల మార్కెట్‌కు పోయేవారు. మా అత్తగారేమో మగపిల్లవాడు బట్టలు ఉతుక్కోవడమేమిటి అంటారు. పదో తరగతి చదివే కూతురు కూడా ఉంది. పిల్లలిద్దరూ తమ కాళ్ల మీద తాము నిలబడాలంటే మేమేం చేయాలి? వాడు ఒక్కరోజు ఫోన్ చేయకపోతే నాకేమీ తోచదన్నది కూడా నిజమే.

జవాబు: అమ్మా, మీరు రాసినదంతా చదివిన తరువాత మీ అబ్బాయిని సోమరి అనడానికి నాకు మనసు ఒప్పడం లేదు. మన ఊళ్లలో చదివే పిల్లలకు తల్లిదండ్రులు ఏడో తరగతి నుంచే చెప్పే మాట ఒకటుంది: "నువ్వు చదువుకో చాలు, మిగతావన్నీ మేం చూసుకుంటాం." మీ ఇంట్లోనూ ఈ మాట వినిపించే ఉంటుంది. అతడు తన వంతు నిలబెట్టుకున్నాడు, చదివాడు. మీరు మీ వంతు నిలబెట్టుకున్నారు, మిగతావన్నీ చూసుకున్నారు. ఆపైన ఇంటర్ రెండేళ్లూ గంట కొడితే లేచి, గంట కొడితే తిని, గంట కొడితే పుస్తకం తెరిచి, ఇంకో గంట కొడితే లైటు ఆర్పే చోట గడిచాయి. అక్కడ ఎప్పుడు ఏం చేయాలో తానే నిర్ణయించుకోవలసిన అవసరం ఆ పిల్లవానికి ఒక్క పూట కూడా రాలేదు. ఉద్యోగంలో చేరిన రోజుతో ఆ ఒప్పందం ముగిసింది. ముగిసిందని ఇంట్లో ఎవరూ అతనికి చెప్పలేదు, మీ ముగ్గురూ పాత పద్ధతిలోనే నడుస్తున్నారు. ఇందులో అతని తప్పు బొత్తిగా లేదనను. కానీ తిట్ల వల్ల తీరే తప్పు కాదది.

మీ వారి సంగతి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు, నా మనసు మాత్రం అక్కడే ఆగింది. పదో తరగతి కుర్రవాడు బాపు వెంట ఎనుమాములకు పోతే ఏమేం చూస్తాడో తలచుకోండి. తెల్లవారకముందే చేరుకోవాలి, బస్తాలు దిగేటప్పుడు లెక్క పెట్టుకోవాలి, బాపు చాయ్ తాగి వచ్చేదాకా వాటి దగ్గర కాపలా ఉండాలి. పొద్దున్నే మార్కెట్‌లో అందరి ముందు జరిగే వేలంలో, అంటే జెండా పాటలో, పలికిన ధర ఒకటి, తమ సరుకు చేతిలోకి తీసుకుని ఖరీదుదారు చెప్పే ధర మరొకటి ఎందుకవుతుందో కళ్లారా చూడాలి. కాంటా దగ్గర ముల్లు మీద నుంచి చూపు తిప్పకూడదు, సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు ఇచ్చిన లెక్క చీటీలో, అంటే తక్‌పట్టీలో, కోతలు ఎంత పడ్డాయో చదివి బాపుకు చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో చదువుకున్నవాడు తానే. ఆ రోజు అతనికి ఎవరూ బాధ్యత గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. బస్తా లెక్క తప్పితే ఇంటికి వచ్చే డబ్బు తగ్గుతుంది, అంతే. ఆ ఇంటికి ఆ పిల్లవాడి అవసరం నిజంగా ఉండేది, ఆ సంగతి అతనికీ తెలుసు. మీ అబ్బాయి లేకపోతే ఆగిపోయే పని మీ ఇంట్లో ఈ 22 ఏళ్లలో ఒక్కటైనా ఉందా? దీనికి జవాబు మీ వారినే చెప్పమనండి. "నీ వయసులో నేను" అనే ముందు, ఆ వయసులో తన చేతికి తన తండ్రి ఏమేం అప్పజెప్పాడో ఆయన గుర్తు చేసుకుంటే ఇంట్లో సగం గొడవ సద్దుమణుగుతుంది.

ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త "ఈ పని నేను చేయగలను" అనే నమ్మకం మనిషిలో ఎలా పుడుతుందన్న దాని మీద 1977లో తన సిద్ధాంతాన్ని ప్రకటించాడు. ఇతరులను చూసి నేర్చుకోవడం, పెద్దల ప్రోత్సాహం కొంతవరకు పనికొస్తాయి కానీ, తానే స్వయంగా పని చేసి గట్టెక్కిన అనుభవానికి అవేవీ సాటిరావని ఆయన చెప్పాడు. అంటే మీరు మెచ్చుకున్నా మీ వారు కోప్పడినా పెద్దగా తేడా రాదు. అతడు చేయాలి, కొన్నిసార్లు చెడగొట్టాలి, చెడిపోయినదాన్ని తానే సరిచేసుకోవాలి. మీకు కష్టమనిపించేది చెడగొట్టే ఆ నడిమి మెట్టు దగ్గరే.

అలాగని రేపటి నుంచి ఇంటికి రావద్దని, ఫోన్ చేయవద్దని చెప్పి తలుపులు మూయకండి. తన కాళ్ల మీద నిలబడటం అంటే ఒంటరిగా బతకడమని ఎక్కడా లేదు. ఈ విషయం మీద దశాబ్దాలు పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్‌లు కూడా స్వంత నిర్ణయంతో నడుచుకోవడం, ఎవరి మీదా ఆధారపడకపోవడం అనేవి రెండు వేరు వేరు సంగతులని స్పష్టంగా విడదీసి చెప్పారు. పెళ్లయ్యాక కూడా అమ్మానాన్నలతో కలిసి ఉంటూ తన నిర్ణయాలు తానే తీసుకునేవాళ్లు మన వాడకట్టులోనే ఎందరో ఉన్నారు. వేరే దేశంలో ఉండి, కొనే ప్రతి వస్తువుకూ నాన్నకు వీడియో కాల్ చేసేవాళ్లూ ఉన్నారు. కాబట్టి దూరం పెంచడం మీ పని కాదు. ఒక్కొక్క పనిని అతని చేతికి పూర్తిగా, అంటే సరిగా చేయకపోయే స్వేచ్ఛతో సహా, అప్పగించడమే మీరు చేయవలసింది.

మొదట పొద్దున ఫోన్. వచ్చే శుక్రవారం అతడు వచ్చినప్పుడు, భోజనాలయ్యాక, కోపం లేని వేళ చూసి చెప్పండి: "సోమవారం నుంచి నేను లేపను బిడ్డా, అలారం పెట్టుకో." చెప్పిన మాట మీద నిలబడండి. మొదటి వారంలో ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వెళతాడు, ఆఫీసులో మాట పడతాడు. ఆ మాట మీ నుంచి కాక ఆఫీసు నుంచి రావడం అతనికి ఎంతో మేలు. ఏడున్నరకు మీ చేయి ఫోన్ మీదికి పోతుంది. పోనివ్వకండి, లేదంటే ఆ ఒక్క ఫోన్‌తో అమ్మ మాట ఉత్త బెదిరింపేనని అతనికి అర్థమవుతుంది.

కార్డు సంగతి మీ వారితో మాట్లాడవలసింది. కొడుకు డబ్బు దుబారా చేస్తాడనే భయంతోనే ఆయన దగ్గర ఉంచుకున్నారని నాకు తెలుసు, అందులో దురాశ ఏమీ లేదు. అయినా 18 ఏళ్లు నిండినవాడి జీతం ఖాతాను వేరొకరు నడపడం సరికాదు, క్షేమమూ కాదు. పిన్ నంబర్ ఇంకొకరికి చెప్పడం వల్ల డబ్బు పోతే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టమంతా ఖాతాదారుదేనని రిజర్వ్ బ్యాంకు 2017లో ఇచ్చిన నిబంధనల్లోనే ఉంది. ఖాతాకు ఎవరి ఫోన్ నంబర్ జత అయి ఉందో కూడా చూడండి. ఓటీపీలు నాన్న ఫోన్‌కు వస్తున్నాయంటే కార్డు చేతికిచ్చినా తాళం ఇవ్వనట్టే. కార్డు ఇచ్చే రోజున, నెలనెలా ఇంటికి ఎంత పంపాలో, ఎంత దాచాలో ఒక మాట అనుకోండి. ఆ పైన మిగిలినదానికి లెక్క అడగకండి. మొదటి రెండు నెలలు ఇరవయ్యో తారీఖుకే చేతిలో డబ్బు అయిపోవచ్చు. అప్పుడు మీరు చాటుగా పంపే వెయ్యి రూపాయలు అతని పాఠాన్ని చెరిపేస్తాయి. తిండికి లేదంటే ఇవ్వండి, అప్పుగా ఇవ్వండి, జీతం రాగానే తీసుకోండి. ఆన్‌లైన్ మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలన్న సంగతీ, జీతంలో నుంచి భవిష్య నిధికి ఎంత కోత పడుతోందో, అందులో నామినీగా ఎవరి పేరు రాశాడో చూసుకోవాలన్న సంగతీ మీ వారు చెబితే బాగుంటుంది. తండ్రి అనుభవం అక్కరకొచ్చే చోటు ఇదే.

టీమ్ లీడర్‌కు ఫోన్ చేసిన విషయంలో మాత్రం నేను మీ వారిని కొంచెం గట్టిగానే తప్పుపడతాను. చేయకుండా తిట్టినా ఒక అందముండేది, చేసి తిట్టడంలో ఏముంది? పని ఎలాగూ అయిపోయింది, తిట్లు దానికి కట్టిన ధరలా మిగిలాయి, వచ్చేసారి కూడా ఆ ధర కట్టడానికి అతడు సిద్ధంగానే ఉంటాడు. మళ్లీ అలాంటి అవసరం వస్తే "నేను చేయను, కానీ ఏం మాట్లాడాలో ఇద్దరం కూర్చుని అనుకుందాం" అనమనండి. అతనికి తెలిసిందల్లా హాల్‌టికెట్ ఇచ్చి ప్రశ్నపత్రం ఇచ్చే లోకం. పైవాళ్లను నోరు తెరిచి అడగడం ఏ పరీక్షలోనూ లేదు. ముందు మెయిల్ రాసి చూపించమనండి, తప్పులు మీరు దిద్దకండి, "ఇది చదివితే నీకేం కావాలో ఆయనకు అర్థమవుతుందా?" అని మాత్రం అడగండి.

బట్టల విషయంలో మీ అత్తగారితో వాదనకు దిగవద్దు. ఆమె తన కాలపు మాట మాట్లాడుతున్నారు, ప్రేమతోనే మాట్లాడుతున్నారు. ఉతికే యంత్రం దగ్గర అతన్ని నిలబెట్టి, తెల్లవి వేరు, రంగులవి వేరు, జేబులు ముందు చూసుకో అని ఒక్కసారి చూపించండి. ఆ తరువాత అతని సంచిని మీరు విప్పకండి. హాస్టల్ దగ్గర ఇస్త్రీ చేసేవాడికి ఇచ్చుకుంటాడా, తానే ఉతుక్కుంటాడా అన్నది అతని ఇష్టం. పచ్చళ్లు మాత్రం పంపుతూనే ఉండండి! అమ్మ చేతి పచ్చడి తిన్నంత మాత్రాన ఎవరి స్వాతంత్ర్యమూ పోలేదు. అన్నం, పప్పు, ఒక కూర వండటం వస్తే చాలు, అది రెండు ఆదివారాల పని.

ఇవన్నీ అతని సొంత పనులు. వీటికన్నా ముఖ్యమైనది, ఇంటి పని ఒకటి అతని మీద పడాలి. ఇంటి కరెంటు బిల్లు ఇకపై అతడే కట్టాలని పెట్టండి. బిల్లు మీది సర్వీస్ నంబరు ఇచ్చి, మీరు మరచిపోండి. లేదా నానమ్మను నెలకోసారి ఆసుపత్రికి తీసుకెళ్లడం, ఆమె మందులు అయిపోకముందే తెప్పించడం అతనికి అప్పగించండి. మనవడు బట్టలు ఉతకడం ఇష్టపడని ఆ పెద్దావిడ, మనవడు తెచ్చిన మందుల గురించి వాడకట్టంతా చెప్పుకుని మురిసిపోతారు. తాను మరచిపోతే వేరొకరికి ఇబ్బంది కలిగే పని చేతిలో ఉన్నవాడు సెలవు దినాల్లో ఇంటికి చుట్టంలా రాడు. పొరపాటు చేస్తే దిద్దుకునే వీలున్న పనితో మొదలుపెట్టడం మంచిది కనుక బిల్లు ముందు, మందులు తరువాత.

ఇక మీ సంగతి. అతడు ఫోన్ చేయకపోతే తోచదని రాశారు. చాలామంది తల్లులు ఆ మాట తమకు తాము కూడా చెప్పుకోరు. ఇరవై ఏళ్లకు పైగా మీ రోజంతా పిల్లల వేళల చుట్టూ తిరిగింది, ఫోన్ చేసి లేపడం మానేస్తే ఆ పూట ఖాళీ అవుతుంది. ఆ ఖాళీని భరించడం కన్నా ఫోన్ చేసి లేపడమే సులువనిపిస్తుంది, కొంతవరకు అతడు లేవకపోవడానికి ఇదీ ఒక కారణమే. రోజూ రాత్రి పది నిమిషాలు మాట్లాడుకోండి, కానీ "తిన్నావా, లేచావా, ఇచ్చావా" అన్న మూడు ప్రశ్నలూ పక్కన పెట్టి, మీ రోజు ఎలా గడిచిందో మీరూ చెప్పండి. చెప్పడానికి ఏమీ లేదనిపిస్తే, పొద్దుటి వేళ ఏం చేయాలన్నది మీరు ఆలోచించుకోవలసిన విషయమని అర్థం.

ఒక జాగ్రత్త. కొత్త చోట ఇంటి మీద బెంగ సహజమే. అయితే అతడు వారాల తరబడి నిద్రపోకపోయినా, తిండి బాగా తగ్గినా, ఎవరితోనూ మాట కలపకపోయినా, బతికి ఏం లాభం అనే మాటలు ఒక్కసారి మాట్లాడినా, పైన రాసిన ప్రయత్నాలన్నీ ఆపి వైద్యుని దగ్గరికి తీసుకెళ్లండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ అయిన టెలీ మానస్ వారి 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

కూతురి గురించి మీరు ఒక్క ముక్కే రాశారు. మామూలుగా మన ఇళ్లలో జరిగేది మీ ఇంట్లోనూ జరుగుతుంటే, ఆమెకు అన్నం వండటం, తన బట్టలు తాను చూసుకోవడం వచ్చే ఉంటుంది. కాజీపేటదాకా ఒంటరిగా బస్సులో వెళ్లడం, బ్యాంకులో నిలబడి మాట్లాడటం వచ్చి ఉండదు. అన్నకు బయటి లోకం వదిలి ఇంటి పని నేర్పలేదు, చెల్లెలికి ఇంటి పని నేర్పి బయటి లోకం చూపలేదు. ఇంటర్‌కు ఆమెను కూడా రెసిడెన్షియల్‌లో వేయాలనుకుంటుంటే, అన్న విషయంలో జరిగింది చూశాక మరోసారి ఆలోచించండి, ఆమెను కూర్చోబెట్టుకుని ఆలోచించండి. రోజూ వెళ్లి వచ్చే కాలేజీలో మార్కులు నాలుగు తగ్గినా, బస్సు ఎక్కడం, ఆలస్యమైతే ఏం చేయాలో తేల్చుకోవడం ఆమె నేర్చుకుంటుంది. పదేళ్లు దాటిన పిల్లలు తమ పేరు మీద పొదుపు ఖాతా తెరిచి, బ్యాంకు పెట్టిన పరిమితుల్లో తామే నడుపుకోవడానికి రిజర్వ్ బ్యాంకు అనుమతిస్తోంది. పరీక్షలు అయిపోయాక ఈ వేసవిలో ఆమెను ఆ పని మీద పంపండి. ఫారం ఆమెనే నింపనివ్వండి, కౌంటర్ దగ్గర ఆమెనే అడగనివ్వండి, మీ వారు వెంట వెళ్లినా బయట బెంచీ మీద కూర్చోవాలి.