మొదటి సూదికి జ్వరమొచ్చింది, రెండోది వేయించాలా?

ప్రశ్న: అమ్మా, మాది పత్తికొండ దగ్గర పల్లె. పాపకు రెండున్నర నెలలు. నెలన్నరప్పుడు సూదులు వేయిస్తే ఆ రాత్రి ఒళ్లు కాలిపోయింది, తెల్లార్లూ ఏడ్చింది, తొడ వాచింది. రెండో రోజుకు తగ్గింది. ఇప్పుడు రెండో డోసు వద్దంటోంది మా అత్త. టీకాతో బిడ్డ పోయిందని మా ఆయనకు ఫోన్లో వీడియో వచ్చింది. సూదులేసే చోట అడిగితే కసిరినారు. వచ్చే నెల గుంటూరుకు సుగ్గికి, అదే మిరప కోతల కూలికి, పోవాలి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: వేయించు తల్లీ. నిన్ను కసరడం మాత్రం తప్పు. ముప్పై ఏళ్లు ఏఎన్ఎంగా సూదులేసిన దాన్ని, అడిగే తల్లంటేనే నాకు ఇష్టం.

పాపకు వేసే పెంటావాలెంట్ సూదిలో ఐదు జబ్బుల మందు ఉంటుంది: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి కామెర్లు, హిబ్ అనే క్రిమితో వచ్చే న్యుమోనియా, మెదడు పొరల వాపు. జ్వరం ఎక్కువగా కోరింత దగ్గు భాగం వల్లే. ఆ క్రిమిని చంపి మొత్తంగా వాడతారు, అందుకే ఒళ్లు గట్టిగా ఎదురు తిరుగుతుంది. ప్రైవేటులో వేసే 'నొప్పి లేని' సూదిలో ఆ క్రిమి ముక్కలే ఉంటాయి. జ్వరం తక్కువే, కానీ దాని రక్షణ కాస్త తొందరగా తగ్గుతుంది.

టీకాతో ఎప్పుడూ ఏమీ కాదని నేను చెప్పను. ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడకపోవడం పది లక్షల డోసుల్లో సుమారు ఒకసారి జరుగుతుంది. అది చాలావరకు మొదటి అరగంటలోనే బయటపడుతుంది, అందుకే అరగంట కూర్చోమంటారు. ఎండగా ఉందని లేచి వచ్చేయొద్దు. పోయినసారి పాపకు ఫిట్స్ వచ్చినా, సోలిపోయినా, మూడు గంటలకు పైగా అసలు ఆపకుండా ఏడ్చినా డాక్టరుకు చూపించాకే రెండోది. పాలు తాగుతూ, మధ్యలో కునుకు తీస్తూ ఏడ్చి ఉంటే భయం లేదు.

ఆ వీడియోలో బిడ్డ ఎందుకు పోయిందో నేను చూడకుండా చెప్పలేను. ఈ వయసులో నెలకోసారి సూది పడుతుంది కాబట్టి బిడ్డకు వేరే ఏ జబ్బు చేసినా అంతకు కొద్ది రోజుల ముందు సూది వేయించి ఉండే అవకాశం ఎక్కువ. అలాంటివి విచారించడానికే జిల్లాలో కమిటీ ఉంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆదోని వైపు ఒక తండాలో రెండు నెలల బిడ్డకు కోరింత దగ్గు చూసినాను. దగ్గి దగ్గి మూతి నీలంగా తిరిగేది, ఊపిరి ఆగిపోయేది. వాళ్లమ్మ రాత్రంతా ఒళ్లో పెట్టుకుని అరికాలు తడుతూ, ఊపిరి అందిందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. ఆరు నెలల్లోపు పిల్లలకే దానితో ప్రాణాపాయం ఎక్కువ. మిరప చేల దగ్గర గుడిసెల్లో పది కుటుంబాలు ఒకచోట ఉంటారు, ఒకరి దగ్గు అందరికీ అంటుతుంది. నీ పాప రక్షణ లేకుండా అక్కడికి పోకూడదనే నా ఆరాటం.

ఈసారి జ్వరమొస్తే తడిగుడ్డతో తుడువు, పాలు ఎక్కువసార్లు ఇవ్వు. వాచిన చోట కాపడం పెట్టొద్దు, పసుపు పూయొద్దు. పారాసిటమాల్ విషయంలో జాగ్రత్త: డ్రాప్స్ వేరు, సిరప్ వేరు. డ్రాప్స్ ఒక మి.లీ.లో సాధారణంగా 100 మి.గ్రా. ఉంటుంది, అంటే చాలా సిరప్‌ల కంటే నాలుగింతలు చిక్కన. సిరప్ కొలతతో డ్రాప్స్ పోస్తే డోసు మీరిపోతుంది. పాపను తూకం వేయించి, నీ సీసా చూపించి, ఎంత పోయాలో రాయించుకో.

సూదికి ముందు మందు సీసా చూపించమని అడుగు. దాని మీద చిన్న గుండ్రం, లోపల చదరం ఉంటాయి. చదరం గుండ్రం కంటే తెల్లగా ఉంటే మందు వేడికి చెడిపోలేదు. రెండూ ఒకే రంగైతే వద్దను.

మూడో డోసు గుంటూరులో పడుతుంది. కార్డు వెంట తీసుకుపో, అక్కడ ఏ ఊరి సబ్‌సెంటర్లోనైనా ఉచితంగా వేస్తారు. నాలుగు వారాలు దాటి ఆలస్యమైనా మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. మీ అత్తను కూడా సెంటరుకు తీసుకెళ్లు, ఆ అరగంట పాప ఆమె ఒళ్లోనే ఉండనీ.