కొనేముందు బ్యాటరీ మూత తీసి చూడండి

తక్కువ ధరకు దొరికే పాత వాక్‌మ్యాన్లు, డిజిటల్ కెమెరాలు, కీప్యాడ్ ఫోన్లు కొంటే నిజంగా వాడుకోవచ్చా, మొదటిసారి కొనేవాళ్లు ఏం చూసుకోవాలి అని అడిగారు.

వాడుకోవచ్చు. పదేళ్లకు పైగా నేను ఇలాంటివి కొంటున్నాను, బాగుచేసుకుంటున్నాను, వాటిలో కొన్నింటిని రోజూ వాడుతున్నాను. వస్తువు ఎన్నేళ్ల పాతదో నేను పెద్దగా పట్టించుకోను. అందులో ముందుగా పాడయ్యేది ఏది, దాన్ని నా చేత్తో మార్చుకోగలనా అని మాత్రం తప్పకుండా చూసుకుంటాను.

నా మొదటి క్యాసెట్ ప్లేయర్ సంగతి చెప్తాను. అమ్మినాయన "మోటారు తిరుగుతోంది, చిన్న రిపేరే" అన్నారు. ఇంటికొచ్చి ప్లే నొక్కితే లోపల సన్నగా గుయ్‌మని చప్పుడు వచ్చింది గానీ క్యాసెట్ కదల్లేదు. వెనక నాలుగు స్క్రూలు విప్పాను. మోటారు తిరిగే శక్తిని టేపు నడిపే చక్రాలకు అందించే రబ్బరు బెల్టు ఉండాల్సిన చోట నల్లగా, తారులాంటి జిగురు. ఏళ్లు గడిచేకొద్దీ కొన్ని రకాల బెల్టులు అలా కరిగిపోతాయి. వేళ్లకు అంటుకుంటే సబ్బుకు కూడా ఒక పట్టాన వదలదు. దూది పుల్లలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి బెల్టు తిరిగే పుల్లీలు, వేగాన్ని నిలకడగా ఉంచే బరువైన చక్రం ఫ్లైవీల్ తుడిచేసరికి సాయంత్రమంతా గడిచిపోయింది. కొత్త బెల్టు ఏ సైజుదో తెలియలేదు. బెల్టు తిరిగే దారి వెంట దారం చుట్టి కొలిచాను. ఆ కొలత కంటే ఓ 5 శాతం తక్కువ చుట్టుకొలత ఉన్న బెల్టు వేస్తే బిగువు సరిపోతుంది.

బెల్టు వేశాక పాట వచ్చింది, కానీ పాడేవాళ్ల గొంతు అలలా ఊగుతోంది. క్యాసెట్ టేపు సెకనుకు సుమారు 4.76 సెంటీమీటర్ల వేగంతో నిలకడగా కదలాలి. ఆ వేగం కాస్త పెరిగి తగ్గుతున్నా చెవి పట్టేస్తుంది. మళ్లీ విప్పి టార్చ్ వేసి చూశాను. మోటారు మీది చిన్న పుల్లీ గాడిలో ఒక పక్క పాత జిగురు ఆవగింజంత మిగిలిపోయింది. దాన్ని పళ్లపుల్లతో గీకి తీసి, టేపు మీది పాటను చదివే హెడ్డునూ, టేపును నొక్కి లాగే రబ్బరు చక్రం పించ్ రోలర్‌నూ తుడిచి మూత బిగించాను. ఆ రాత్రి క్యాసెట్ రెండు వైపులా విన్నాకే పడుకున్నాను.

1979లో సోనీ మొదటి వాక్‌మ్యాన్ తెచ్చినప్పటి నుంచి చాలా కంపెనీల ప్లేయర్లలో ఇంచుమించు ఇదే అమరిక ఉంటుంది: మోటారు, ఒకటో రెండో బెల్టులు, ఫ్లైవీల్, హెడ్డు. ఒక్కదాన్ని విప్పి బిగిస్తే మిగతావాటికి భయం పోతుంది.

ఏది కొన్నా ముందు బ్యాటరీ మూత తీయించి చూడండి. స్ప్రింగుల మీద తెల్లటి పొడి ఉంటే ఆల్కలైన్ సెల్ కారిందని అర్థం. అది క్షారం కాబట్టి కాస్త వెనిగర్‌తోనో నిమ్మరసంతోనో తుడిచి, తర్వాత ఆల్కహాల్‌తో శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది. స్ప్రింగు నుంచి లోపలికి వెళ్లే వైరు కూడా ఆకుపచ్చగా మారి ఉంటే మాత్రం తుప్పు బోర్డు దాకా పాకి ఉండొచ్చు. నేనైతే అలాంటివి అక్కడే వదిలేస్తాను. లోపల అతికించేసిన లిథియం బ్యాటరీ ఉబ్బి ఉంటే అసలు ముట్టుకోను. మంటలు లేచే ప్రమాదం ఉంది.

కెమెరా కొనేటప్పుడు కార్డు సంగతి మర్చిపోకండి. నేను కొన్న ఒక పాత డిజిటల్ కెమెరా 16 జీబీ కార్డు పెట్టగానే కార్డ్ ఎర్రర్ చూపించింది. ఫార్మాట్ చేసినా అదే మాట. కెమెరా పోయిందనే అనుకుని వారం రోజులు పక్కన పెట్టేశాను, చాలా బాధనిపించింది. అసలు విషయం ఏమిటంటే, 2 జీబీ దాటిన కార్డులకు కావాల్సిన ఎస్‌డీహెచ్‌సీ పద్ధతి 2006లో వచ్చింది. అంతకు ముందు తయారైన కెమెరాలకు మామూలుగా ఆ కార్డు అర్థం కాదు. 2 జీబీ కార్డు వేయగానే మొదటి ఫొటో తీసింది. అందులో వెలుతురును ఫొటోగా మార్చే పాత రకం సీసీడీ సెన్సర్ పగటి వెలుతురులో ఇచ్చే రంగులు నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టం.

ఫోన్లలో 2003 నాటి నోకియా 1100 లాంటివి మంచివి. 25 కోట్లకు పైగా అమ్ముడైన ఫోన్ అది. అందులో పడే బీఎల్-5సీ బ్యాటరీ చిన్న రేడియోల్లో, స్పీకర్లలో కూడా వాడారు కాబట్టి కొత్తది దొరకడం కష్టం కాదు. అయితే మీ నెట్‌వర్క్‌లో 2జీ ఇంకా నడుస్తోందో లేదో ముందే కనుక్కోండి. అది ఆగిపోయిన చోట ఫోన్ ఎంత బాగున్నా కాల్ వెళ్లదు.

మొదటిసారి కాబట్టి ఏఏ సెల్స్‌తో నడిచే క్యాసెట్ ప్లేయరో, కెమెరానో తీసుకోండి. ఆ సెల్స్ ఎప్పుడైనా దొరుకుతాయి, చార్జర్ వెతుక్కునే టెన్షన్ ఉండదు. చూడ్డానికి వెళ్లేటప్పుడు కొత్త సెల్స్ ఒక జత, 2 జీబీ కార్డు, పాడైనా ఫర్వాలేదనుకునే క్యాసెట్ ఒకటి, ఇయర్‌ఫోన్స్ వెంట తీసుకెళ్లండి. క్యాసెట్ పెట్టి కనీసం పది నిమిషాలు వినండి. బెల్టు వదులుగా ఉంటే చాలాసార్లు ఆ పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది.