రోజుకు ఆరు గంటల పాఠాలకు ఏది మేలు?

ప్రశ్న: మాది గజపతినగరం దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి డిగ్రీ పూర్తి చేసి గ్రూప్-2కు సిద్ధమవుతోంది. రోజుకు ఐదారు గంటలు ఫోన్‌లోనే పాఠాలు వింటుంది. వారానికి రెండు రోజులు నమూనా పరీక్షలు రాయడానికి బస్సులో విజయనగరం వెళ్లి వస్తుంది. వైర్‌లెస్ హెడ్‌ఫోన్ కోసం గంటస్తంభం దగ్గర ఒక దుకాణంలో అడిగితే, ఇప్పుడందరూ ఇయర్‌బడ్సే తీసుకుంటున్నారనీ, ఈఎన్‌సీ ఉన్నవి కొంటే బయటి శబ్దమే వినిపించదనీ చెప్పారు. రెండు వేల రూపాయలకు మించి పెట్టలేము. ఏది కొనమంటారు?
— ఒక తండ్రి, విజయనగరం జిల్లా

జవాబు: చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్ కొనండి. రోజూ ఐదారు గంటలు వినే మనిషికి, అందులోనూ ఎక్కువ భాగం ఇంట్లో ఒకచోట కూర్చుని వినే మనిషికి, ఈ ధరలో అదే ఎక్కువ కాలం అక్కరకు వస్తుంది.

ముందుగా దుకాణంలో మీకు చెప్పిన మాటను సరిచేయాలి. ఈఎన్‌సీ అనేది మీ అమ్మాయి చెవి కోసం పెట్టినది కాదు. ఆమె ఫోన్‌లో మాట్లాడేటప్పుడు చుట్టూ ఉన్న రొదను తగ్గించి, ఆమె గొంతును అవతలివారికి స్పష్టంగా అందించడమే దాని పని. వినేవారికి బయటి శబ్దాన్ని తగ్గించేది ఏఎన్‌సీ. అది చిన్న మైకుల ద్వారా బయటి శబ్దాన్ని పసిగట్టి, దానికి సరిగ్గా ఎదురుగా ఉండే తరంగాన్ని పుట్టించి ఆ శబ్దాన్ని అణచివేస్తుంది. అయితే అది కూడా బస్సు ఇంజిను మోత, ఫ్యాను హోరు వంటి ఒకే తీరున సాగే మంద్ర శబ్దాలను తగ్గించగలదే గాని, పక్కింటి మాటలనూ మిక్సీ మోతనూ బస్సు హారన్‌నూ ఆపలేదు. ఒక్క అక్షరం తేడా ఉన్న ఈ రెండు పేర్లను కలిపి చెప్పి అమ్మడం వల్ల ఎందరో పాఠకులు నిరాశపడి నాకు రాస్తున్నారు. మీ ఇంట్లో పాఠాలకు ఏఎన్‌సీ కోసం అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు. చెవి చుట్టూ బాగా అమరిన మెత్తటి దిండే చాలావరకు శబ్దాన్ని అడ్డుకుంటుంది.

రెండోది బ్యాటరీ. ఇయర్‌బడ్స్ పెట్టె మీద 40 గంటలు, 50 గంటలు అని కనిపించే అంకె, ఛార్జింగ్ డబ్బాలో నిల్వ ఉన్నదానితో కలిపిన లెక్క. చెవిలో పెట్టుకున్నాక ఒక విడతలో సాధారణంగా ఐదు నుంచి ఎనిమిది గంటలే వస్తాయి. అంటే మీ అమ్మాయి వాటిని దాదాపు ప్రతిరోజూ పూర్తిగా వాడి, మళ్లీ నింపాలి. లిథియం బ్యాటరీ కొన్ని వందల సార్లు ఇలా నిండి ఖాళీ అయ్యాక సత్తువ తగ్గుతుంది. అంత చిన్న బ్యాటరీని మార్పించుకోవడం కూడా ఆచరణలో కుదరదు. ఒక్కసారి ఛార్జ్ చేస్తే 30 గంటలు వచ్చే హెడ్‌ఫోన్‌కు ఐదు రోజులకొకసారి, ఏడాదికి 70, 80 సార్లు ఛార్జింగ్ పెడితే సరిపోతుంది. పైగా 3.5 మిల్లీమీటర్ల తీగ పెట్టుకునే రంధ్రం ఉన్న హెడ్‌ఫోన్ తీసుకుంటే, మీ ఫోన్‌కు కూడా ఆ రంధ్రం ఉన్న పక్షంలో, బ్యాటరీ అయిపోయినా పాఠం ఆగదు.

మన ఉక్కపోతలో చెవుల చుట్టూ చెమట పడుతుందన్నది నిజమే. కృత్రిమ తోలు దిండ్లు తడికి త్వరగా పొరలు లేస్తాయి కాబట్టి వాడిన తర్వాత పొడిగుడ్డతో తుడవాలి. గంటకోసారి తీసి పది నిమిషాలు చెవులకు గాలి తగలనివ్వాలి. అది వినికిడికీ మంచిదే. ఈ సంగతిని దయచేసి తేలికగా తీసుకోవద్దు. పెద్దవారు 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటల వరకు వినవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. స్థాయి 90కి చేరితే ఆ పరిమితి వారానికి నాలుగు గంటలకు పడిపోతుంది. మీ అమ్మాయి వారంలో 30, 40 గంటలు వింటోంది గనుక ఆమెకు ఎక్కువ శబ్దం పెట్టుకునే వెసులుబాటు లేదు. హెడ్‌ఫోన్‌లో వచ్చే శబ్దం ఫోన్‌ను, హెడ్‌ఫోన్‌ను బట్టి మారుతుంది కాబట్టి, ఫోన్‌లో సగం గీతను దాటకపోవడం మంచిది. బస్సులో మాత్రం వినవద్దనే చెబుతాను. ఆ మోతలో పాఠం వినపడాలంటే శబ్దం పెంచక తప్పదు. దిగి రోడ్డు దాటేటప్పుడు రెండు చెవులూ మూసి ఉండడం ప్రమాదం కూడా.

కొనేటప్పుడు అమ్మాయిని వెంట తీసుకువెళ్లండి. పది నిమిషాలు తలకు పెట్టుకుని చూస్తే బిగుతు తెలిసిపోతుంది. కళ్లజోడు ఉంటే అది మరీ అవసరం. పెట్టె మీద భారత ప్రమాణాల సంస్థ గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయో లేదో చూడండి. ఆ సంఖ్యను ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో సరిచూసుకోవచ్చు. బిల్లు తీసుకుని, మరమ్మతు కేంద్రం విజయనగరంలో ఉందో, విశాఖపట్నం వెళ్లాలో అప్పుడే అడగండి. తలకు పెట్టుకునేది అమ్మాయికి ససేమిరా నచ్చకపోతే ఇయర్‌బడ్స్ కన్నా మెడలో వేసుకునే నెక్‌బ్యాండ్ నయం. ధర తక్కువ, చెవిలోంచి జారినా మెడలోనే ఉంటుంది.

ప్రశ్న: ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలు ఎక్కుతుండగా నా ఎడమ ఇయర్‌బడ్ పట్టాల మీద పడిపోయింది. ఏడాదిన్నరగా వాడుతున్నాను. ఒక్కటే కొనుక్కోవచ్చా?
— ఒక ఉద్యోగి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: కొన్ని కంపెనీలు సేవాకేంద్రాల ద్వారా ఒక్కదాన్ని విడిగా ఇస్తాయి. మోడల్ అదే అయి ఉండాలి. రెంటినీ డబ్బాలో పెట్టి మళ్లీ జతపరచాలి. చూడడానికి ఒకేలా ఉన్నదని బయట కొనకండి, జతకలవకపోవచ్చు. అడిగిన ధర కొత్త జతలో సగం దాటితే నేనైతే కొనను. మీ కుడిచెవిది ఇప్పటికే ఏడాదిన్నర పనిచేసింది గనుక, కొత్తదానికంటే ముందే దాని ఛార్జింగ్ అయిపోతూ ఉంటుంది. కొత్తది తీసుకునేవరకు కుడిదాన్ని ఒక్కటే వాడుకోవచ్చు. చాలా మోడళ్లలో ఒక చెవిదే విడిగా పనిచేస్తుంది, ఫోన్‌లో మాట్లాడుకోవడానికి అది సరిపోతుంది. ఇకపై రైలు కదిలి, మీరు సీట్లో కూర్చున్నాకే డబ్బా తెరవండి.